కారు నిండా సామాన్లతో బయల్దేరుతున్నారా? బరువు, చట్టం, బీమా గురించి తెలుసుకోవాల్సినవి

సంక్రాంతి అయిపోయాక హైదరాబాద్-విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా వైపు తిరిగొచ్చే కార్లను ఒక్కసారి గమనించండి. డిక్కీలో బియ్యం బస్తాలు, వెనక సీటు ముందు కొబ్బరికాయల సంచి, వెనక అద్దం దగ్గర అరిసెల డబ్బాలు, ముందు కూర్చున్నవారి కాళ్ల దగ్గర నెయ్యి డబ్బా, పచ్చడి జాడీలు. కొన్ని కార్ల పైన తాడుతో కట్టిన పరుపో, మడత మంచమో కూడా కనిపిస్తుంది. వేసవి సెలవుల్లోనూ, పెళ్లిళ్ల సీజన్‌లోనూ ఇదే దృశ్యం.

సీటు బెల్టు పెట్టుకోండి, వేగం తగ్గించండి, తాగి నడపొద్దు అని అధికారులు ఏటా చెబుతూనే ఉంటారు. కారులో పెట్టే సామాను గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. లోడు అనగానే మనకు లారీలే గుర్తొస్తాయి. కానీ సరిగ్గా సర్దని సామాను కారులో ఉన్నవారికీ ప్రమాదమే, వెనక వచ్చేవారికీ ప్రమాదమే. కొన్ని సందర్భాల్లో బీమా క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

మీ కారు ఎంత బరువు మోయగలదు? సామాను ఎలా సర్దాలి? పైన కడితే జరిమానా ఎంత? గ్యాస్ సిలిండర్ తీసుకెళ్లొచ్చా? ఒక్కొక్కటిగా చూద్దాం.

సామాను ఎందుకు ప్రాణాల మీదకు తెస్తుంది?

కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే అందులోని ప్రతి వస్తువూ అదే వేగంతో వెళ్తున్నట్టే. కారు దేన్నైనా ఢీకొని ఆగిపోతే, కట్టి ఉంచని వస్తువు మాత్రం ఆగదు. ఏదో ఒకటి అడ్డం వచ్చేదాకా అదే వేగంతో ముందుకు పోతుంది. ఆ అడ్డం వచ్చేది చాలాసార్లు ముందు సీటు వీపు, లేదంటే మనిషి తల.

50 కిలోమీటర్ల వేగం అంటే ఎంతో తెలియాలంటే ఒక లెక్క ఉంది. సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు మూడో అంతస్తు నుంచి పడిన వస్తువు నేలను తాకేటప్పుడు ఉండే వేగం అది. 80 కిలోమీటర్ల వేగమైతే 25 మీటర్లు, అంటే ఎనిమిదో అంతస్తు. వెనక అద్దం దగ్గర పెట్టిన లీటరు నీళ్ల సీసాను మూడో అంతస్తు నుంచి తల మీద పడేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. కొబ్బరికాయైనా, స్టీలు డబ్బా అయినా అంతే.

బరువైన వాటి సంగతి ఇంకా తీవ్రం. 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు ఢీకొని సెకనులో పదో వంతులో ఆగిందనుకుందాం. అప్పుడు 20 కేజీల సూట్‌కేసు, దాన్ని ఆపే సీటు మీద సుమారు 280 కేజీల బరువంత ఒత్తిడి పెడుతుంది. అది 25 కేజీల బియ్యం బస్తా అయితే 350 కేజీలు. ఒడిలో కూర్చోబెట్టుకున్న 10 కేజీల పాప అయితే 140 కేజీలు. అంత బరువును ఏ తల్లి చేతులూ ఆపలేవు. పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకోవద్దని చెప్పడానికి కారణం ఇదే.

బెల్టు లేని మనిషి కూడా ఈ లెక్కలో కట్టని సామాను లాంటివారే. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో జరిగిన కారు ప్రమాదంలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ, ఆయన పక్కన కూర్చున్న మరొకరు చనిపోయారు. ఇద్దరూ వెనక సీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ముందు సీట్లలోని ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో సీటు బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది. అందులో 8,331 మంది డ్రైవర్లు కాదు, ప్రయాణికులు.

ప్రమాదమే జరగనక్కర్లేదు. గట్టిగా బ్రేకు వేసినా చాలు, సీటు మీద సంచి కింద పడుతుంది. డ్రైవర్ కాళ్ల దగ్గరికి దొర్లిన నీళ్ల సీసా బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటే, తర్వాతి బ్రేకు పడదు.

మీ కారు ఎంత బరువు మోయగలదు?

ఇది డిక్కీలో ఎంత చోటుందన్న ప్రశ్న కాదు. ప్రతి కారుకూ రెండు బరువులు ఉంటాయి. ఒకటి ఖాళీ కారు బరువు. దీన్ని కెర్బ్ వెయిట్ అంటారు. ఆర్సీలో అన్‌లాడెన్ వెయిట్ అని ఉంటుంది. రెండోది మనుషులు, సామాను అన్నీ కలిపి కారు మోయగల మొత్తం బరువు. దీన్ని గ్రాస్ వెహికల్ వెయిట్ అంటారు. కారు కొన్నప్పుడు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో స్పెసిఫికేషన్స్ పేజీలో చూడండి. రెండో దాని నుంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మీరు వాడుకోగల బరువు.

ఉదాహరణకు ఒక చిన్న కారు ఖాళీ బరువు 900 కేజీలు, మొత్తం బరువు 1,335 కేజీలు అనుకుందాం. తేడా 435 కేజీలు. చూడటానికి చాలా ఎక్కువే అనిపిస్తుంది. ఇప్పుడు మనుషులను ఎక్కించండి. ఒక్కొక్కరు 70 కేజీల చొప్పున నలుగురు పెద్దవాళ్లు 280 కేజీలు, పదేళ్ల పిల్లాడు 30 కేజీలు. మొత్తం 310. ఇక మిగిలింది 125 కేజీలే. అందులో 25 కేజీల బియ్యం బస్తాలు రెండు, 20 కేజీల సూట్‌కేసులు మూడు, పచ్చళ్లు, కొబ్బరికాయలు, పిండివంటలు కలిపి 25 కేజీలు వేస్తే 135 అవుతుంది. డిక్కీలో ఇంకా చోటు ఉండొచ్చు, కారు మాత్రం అప్పటికే 10 కేజీలు ఎక్కువ మోస్తోంది. పైన క్యారియర్ ఉంటే దాని బరువు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

సీఎన్జీ కార్లవారు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. సిలిండర్ డిక్కీలో చోటు తినేయడమే కాదు, ఖాళీ కారు బరువును కూడా పెంచుతుంది. పెట్రోల్ మోడల్ లెక్క మీ కారుకు పనికిరాదు, సీఎన్జీ మోడల్ అంకెలే చూడండి. బయట కిట్ పెట్టించుకుని ఉంటే అది ఆర్సీలో నమోదై ఉండాలి. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ చేయించాలి. గడువు తేదీ కంప్లయన్స్ ప్లేట్ మీద ఉంటుంది. ఆ సిలిండర్‌కు తగిలేలా బరువైన, మొనదేలిన వస్తువులు పెట్టొద్దు.

బరువు పెరిగితే టైర్లు, బ్రేకులు, లైట్లు ఏమవుతాయి?

డ్రైవర్ వైపు తలుపు తెరిస్తే మధ్య స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోల్ మూత లోపల ఉంటుంది. టైర్లలో ఎంత గాలి ఉండాలో దాని మీద రాసి ఉంటుంది. చాలా కార్లకు రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఇద్దరు ముగ్గురు వెళ్లేటప్పటిది, రెండోది నిండు లోడుకు. సామాను నిండా వేసుకున్నప్పుడు రెండో అంకె ప్రకారం గాలి పెట్టించాలి. అది కూడా టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే బయల్దేరే ముందే. గాలి తక్కువగా ఉన్న టైరు మీద బరువు పడితే దాని పక్క గోడలు ఎక్కువగా వంగి వేడెక్కుతాయి. హైవే మీద టైర్లు పేలడానికి ఇదొక ముఖ్య కారణం.

టైరు పక్కన 185/65 ఆర్15 88 అన్నట్టుగా అంకెలు ఉంటాయి. చివర ఉన్నది లోడ్ ఇండెక్స్. 82 అంటే ఒక్కో టైరు 475 కేజీలు, 88 అంటే 560 కేజీలు, 91 అంటే 615 కేజీలు మోయగలదని అర్థం. టైరు మార్చేటప్పుడు ధర తక్కువని కంపెనీ చెప్పినదానికంటే తక్కువ ఇండెక్స్ ఉన్న టైరు వేయించుకోవద్దు.

బరువు పెరిగితే కారు ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. ఘాట్ రోడ్లలో బ్రేకులు త్వరగా వేడెక్కుతాయి. ముందు వాహనానికి మామూలు కంటే ఎక్కువ దూరం ఉంచండి. దిగేటప్పుడు చిన్న గేర్‌లో రండి. డిక్కీ బరువుకు కారు వెనక కిందికి, ముందు పైకి లేస్తుంది. అప్పుడు హెడ్‌లైట్లు రోడ్డు మీద కాకుండా ఎదుటివారి కళ్లలో పడతాయి. చాలా కార్లలో స్టీరింగ్ దగ్గర 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం దీన్ని సరిచేయడానికే ఉంది. లోడును బట్టి దాన్ని తిప్పండి.

డిక్కీలో ఎలా సర్దాలి?

బరువైనది కిందకి, సీటుకు ఆనించి. ఇది మొదటి సూత్రం. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు డిక్కీ అడుగున వెనక సీటు వీపుకు పూర్తిగా ఆనుకుని ఉండాలి. మధ్యలో ఖాళీ ఉంటే ఢీకొన్నప్పుడు బస్తా ఆ ఖాళీలో వేగం పుంజుకుని వచ్చి సీటును గుద్దుతుంది. ఖాళీ ఉన్నచోట దుప్పట్లు, బట్టల సంచులు కుక్కండి. తేలికైనవి పైన పెట్టండి.

సామాను ఎత్తు వెనక సీటు వీపును దాటకూడదు. హ్యాచ్‌బ్యాక్, ఎస్‌యూవీల్లో డిక్కీకీ, మనుషులకూ మధ్య అడ్డుండేది ఆ సీటు వీపు ఒక్కటే. దాని కంటే ఎత్తుగా పేరిస్తే పైనున్నది నేరుగా వెనక కూర్చున్నవారి తలల మీదికి వస్తుంది. వెనక అద్దం లోంచి చూపు కూడా పోతుంది. తప్పక పేర్చాల్సి వస్తే బలమైన కార్గో వల బిగించండి. డిక్కీ అడుగున చాలా కార్లలో చిన్న కొక్కేలు ఉంటాయి. అవి తాళ్లు కట్టడానికే ఇచ్చారు.

వెనక సీటులో ఎవరూ లేకుండా డిక్కీ నిండా సామానుతో వెళ్తుంటే, వెనక బెల్టులను ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా బిగించండి. సీటు వీపుకు అది అదనపు బలం ఇస్తుంది. సీటు మడిచి మళ్లీ లేపినప్పుడు గొళ్లెం టక్‌మని పడిందో లేదో గుంజి చూడండి.

జాకీ, స్పానర్లు, హెచ్చరిక త్రిభుజం, ఫస్ట్ ఎయిడ్ పెట్టె సామాను అడుగున పాతేయొద్దు. రాత్రివేళ హైవే మీద టైరు పంక్చర్ అయితే బస్తాలన్నీ రోడ్డు మీదికి దించాల్సి వస్తుంది.

సీట్ల మీద, డ్యాష్‌బోర్డు మీద ఏం పెట్టకూడదు?

వెనక అద్దం కింద ఉండే పలక సామాను కోసం కాదు. అక్కడ దిండు తప్ప ఏదీ పెట్టకండి. డ్రైవర్ కాళ్ల దగ్గర, డ్రైవర్ సీటు కింద సీసాలు, చెప్పులు ఉంచొద్దు. సీటు మీదే పెట్టక తప్పని సంచి ఉంటే దానికీ బెల్టు పెట్టండి. నీళ్ల సీసాలు తలుపు జేబుల్లోనే ఉండాలి.

మన కార్లలో డ్యాష్‌బోర్డు మీద దేవుడి విగ్రహం దాదాపు తప్పనిసరి. రాయి, ఇత్తడి విగ్రహాన్ని ముందు ప్రయాణికుడి ఎదురుగా అతికిస్తే ఒక చిక్కు ఉంది. అటువైపు ఎయిర్‌బ్యాగ్ సరిగ్గా ఆ డ్యాష్‌బోర్డు లోంచే, రెప్పపాటు కంటే తక్కువ సమయంలో తెరుచుకుంటుంది. దాని మీదున్న వస్తువు అంతే వేగంతో ముఖం మీదికి వస్తుంది. ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉన్నచోటు వదిలేసి మధ్యభాగంలో చిన్న, తేలికైన విగ్రహమో, పటమో పెట్టుకోవచ్చు. ముందు కూర్చున్నవారు ఒడిలో సంచులు పెట్టుకోవద్దని చెప్పడానికీ కారణం ఇదే.

కారు పైన కట్టొచ్చా?

ముందు మాన్యువల్ చూడండి. కారు పైకప్పు ఎంత బరువు మోయగలదో అందులో విడిగా ఉంటుంది. చాలా కార్లకు అది కొన్ని పదుల కేజీలే. కొన్ని మోడళ్లలో అసలు పెట్టొద్దనే ఉంటుంది. బజార్లో క్యారియర్ అమ్మే దుకాణదారు చెప్పే బరువు కాదు, కారు తయారు చేసిన కంపెనీ చెప్పిందే ప్రమాణం.

పైన బరువు పెరిగేకొద్దీ మలుపుల్లో కారు పక్కకు ఒరిగే గుణం పెరుగుతుంది. గాలి ఇంకో సమస్య. పరుపు, ప్లైవుడ్ పలక లాంటి వెడల్పైన వస్తువుల కింద గాలి దూరి వాటిని పైకి లేపుతుంది. పక్కల నుంచి చేయి పెట్టి పట్టుకుంటామనుకోవడం అత్యంత ప్రమాదకరం. హైవే వేగంలో గాలి లాగేటప్పుడు ఆ పరుపును ఏ చేయీ ఆపలేదు.

పైన కట్టేవాటికి సాగే రబ్బరు తాళ్లు చాలవు. బిగించే పట్టీలు వాడండి. అడ్డంగా రెండు చోట్ల, పొడవుగా ముందుకూ వెనక్కూ కూడా కట్టండి. బయల్దేరిన పది పదిహేను నిమిషాలకు ఒకసారి ఆగి బిగింపు చూడండి. బరువు సర్దుకున్నాక పట్టీలు వదులవుతాయి.

డిక్కీ మూత సగం తెరిచి తాడుతో కట్టి వెళ్లడం కూడా చాలామంది చేస్తుంటారు. వెనక నుంచి పొగ కారులోకి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. మత్తు వచ్చి తల తిరిగేదాకా తెలియదు. పైగా నంబర్ ప్లేటు, వెనక లైట్లు మూతతో పాటు పైకి లేచి వెనకవారికి కనిపించవు.

చట్టం ఏం చెబుతోంది?

సామాను వాహనం బాడీ పక్కలకు గానీ, ముందుకు గానీ, వెనక్కి గానీ పొడుచుకు రాకూడదని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 93వ నిబంధన చెబుతోంది. ఇది లారీలకే కాదు, అన్ని మోటారు వాహనాలకూ వర్తిస్తుంది. ఒకప్పుడు వెనక్కి కొంత దూరం పొడుచుకు రావడానికి మినహాయింపు ఉండేది. ఇనుప చువ్వల లారీలను వెనక నుంచి ఢీకొని ఎందరో చనిపోవడంతో 2014లో దాన్ని తొలగించారు. కాబట్టి కారు పైన నిచ్చెన, పైపులు వేసుకుని వెనక ఎర్ర గుడ్డ కడితే సరిపోతుందన్నది అపోహే.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194(1ఏ) సెక్షన్ ప్రకారం ఇలా పొడుచుకు వచ్చేలా లోడు వేస్తే జరిమానా 20 వేల రూపాయలు. ఆ సామాను దించే ఖర్చు కూడా భరించాలి. వెనక సీటు సహా సీటు బెల్టు లేకపోతే 194బీ సెక్షన్ కింద వెయ్యి రూపాయలు. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకపోయినా అంతే. అక్కడికక్కడ వసూలు చేసే మొత్తాలను రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చలానా మొత్తం వేరుగా ఉండొచ్చు.

మీ కారు నుంచి జారిన వస్తువు వల్ల ఎవరైనా చనిపోతే అది జరిమానాతో పోయేది కాదు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు.

సొంత కారులో సరకు వేస్తే బీమా వర్తిస్తుందా?

ఇక్కడ చాలామందికి తెలియని తేడా ఒకటి ఉంది. కారులో తీసుకెళ్లే సొంత వస్తువులను, ప్రయాణికుల లగేజీని మోటారు వాహనాల చట్టం 'సరకు'గా లెక్కించదు. ఇంటికి తెచ్చుకునే బియ్యం, పచ్చళ్లు మీ లగేజీయే. కానీ దుకాణానికి స్టాకు, అమ్మడానికి కూరగాయలు, వేరేవాళ్ల పార్సిళ్లు అలా కావు. సరకు రవాణాకు వాడినప్పుడు మామూలు వాహనాన్ని కూడా సరకు వాహనంగానే చూడొచ్చని అదే చట్టంలోని నిర్వచనం చెబుతోంది.

మీ బీమా పాలసీ తీసి 'వాడకంపై పరిమితులు' అన్న భాగం చదవండి. ప్రైవేటు కారు పాలసీ కిరాయికి తిప్పినప్పుడు, శాంపిళ్లు, సొంత లగేజీ కాకుండా వేరే సరకు వేసినప్పుడు వర్తించదని అందులో ఉంటుంది. అలాంటి సమయంలో ప్రమాదం జరిగితే మీ కారు మరమ్మతు క్లెయిమ్‌ను కంపెనీ తిరస్కరించే అవకాశం ఉంది. ఎదుటివారికి ఇవ్వాల్సిన పరిహారాన్ని కంపెనీ ముందు చెల్లించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవచ్చని కోర్టులు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. చిరు వ్యాపారం కోసం వారానికి రెండుసార్లు సొంత కారులో సరకు తెచ్చుకునేవారు ఈ విషయం బీమా ఏజెంటుతో ముందే మాట్లాడుకోవడం మంచిది.

గ్యాస్ సిలిండర్, పెట్రోల్, బాణసంచా సంగతేంటి?

ఇంట్లో వాడే సిలిండర్‌లో 14.2 కేజీల గ్యాస్ ఉంటుంది. సిలిండర్‌తో కలిపి సుమారు 30 కేజీలు. ఎల్పీజీ గాలి కంటే బరువైనది. లీకైతే పైకి పోదు, డిక్కీ అడుగున, సీట్ల కింద పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అసలు సిలిండర్‌ను ఇంటికి చేర్చడం డీలర్ బాధ్యత. డెలివరీ ఛార్జీ బిల్లులోనే కలిసి ఉంటుంది. మీరే గోదాముకు వెళ్లి తెచ్చుకుంటే ఆ మేరకు తగ్గింపు అడిగే హక్కు మీకుంది. ఇల్లు మారేటప్పుడు తప్పక కారులో తీసుకెళ్లాల్సి వస్తే నిలబెట్టి కట్టండి, పడుకోబెట్టొద్దు. సేఫ్టీ క్యాప్ పెట్టండి, అద్దాలు దించండి, మధ్యలో ఎక్కడా పార్క్ చేసి వదిలేయొద్దు. వాసన వస్తే కారు ఆపి, అందరూ దిగి దూరంగా వెళ్లి 1906కు ఫోన్ చేయండి. అది గ్యాస్ లీకేజీల అత్యవసర నంబరు.

పెట్రోలును అమ్మకానికి కాకుండా 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చని పెట్రోలియం చట్టం చెబుతోంది. అయితే పాత్ర విషయంలో షరతు ఉంది. గాజు, పింగాణీ అయితే లీటరు, లోహపు డబ్బా అయితే 25 లీటర్లు మించకూడదు. మూత గట్టిగా బిగించి ఉండాలి. ఆ జాబితాలో ప్లాస్టిక్ సీసా లేదు. ట్రాక్టరుకో, జనరేటరుకో అని నీళ్ల క్యాన్‌లో పెట్రోలు పోసి డిక్కీలో పెట్టుకోవడం చట్టానికీ, ప్రాణానికీ మంచిది కాదు. పెట్రోలు ఆవిరి మూసిన కారులో పేరుకుంటుంది.

బాణసంచా, పెట్రోలు, సిలిండర్ ఎప్పుడూ ఒకే కారులో ఉండకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీని నిటారుగా కట్టి, టెర్మినళ్లకు ఇనుప వస్తువులు తగలకుండా మూసి తీసుకెళ్లండి.

పార్క్ చేసిన కారులో ఏవి వదలకూడదు?

మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో 42 డిగ్రీల ఎండలో కారు గంటసేపు ఆపితే లోపల 60 డిగ్రీలు దాటగలదు. స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీల కంటే ఎక్కువ వేడి తగలకూడదనే రాసి ఉంటుంది. డియోడరెంట్, దోమల స్ప్రే, లైటర్లు, శానిటైజర్, పవర్ బ్యాంకులు, పాత ఫోన్లు కారులో వదిలేయకండి. ఇన్సులిన్, ఇతర మందులు ఆ వేడికి పాడవుతాయి, చూడటానికి మాత్రం ఏ తేడా కనిపించదు. పిల్లలను, పెంపుడు జంతువులను ఐదు నిమిషాలకని కూడా కారులో ఉంచి తాళం వేయొద్దు.

ప్రభుత్వాల వైపు నుంచి ఏం లోపిస్తోంది?

2025లో పది రోజుల తేడాతో జరిగిన రెండు ఘటనలు లోడు ఎంత ప్రమాదకరమో చూపించాయి. అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర రోడ్డు మీద పడి ఉన్న బైకు ఒక ప్రైవేటు బస్సు కింద ఇరుక్కుని మంటలు రేగాయి. 19 మంది ప్రయాణికులు చనిపోయారు. బస్సులో పార్సిల్‌గా వెళ్తున్న సెల్‌ఫోన్ల బ్యాటరీలు మంటలను పెంచాయని అప్పట్లో అధికారులు చెప్పారు. నవంబర్ 3న రంగారెడ్డి జిల్లా చేవెళ్ల దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొంది. కంకర ప్రయాణికుల మీద పడింది. అక్కడా 19 మంది ప్రాణాలు కోల్పోయారు.

రెండు చోట్లా ఢీకొనడం ఒక్కటే కారణం కాదు, మోసుకెళ్తున్న లోడు ప్రమాద తీవ్రతను పెంచింది. ఆ తర్వాత చర్చ బస్సుల ఫిట్‌నెస్, టిప్పర్ల ఓవర్‌లోడు, రోడ్ల వెడల్పు మీద సాగింది. అది అవసరమే. కానీ అదే సూత్రం కార్లకూ వర్తిస్తుందన్న మాట ఎక్కడా వినిపించలేదు.

కారు ఎంత బరువు మోయగలదో చెప్పే మాన్యువల్ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారికి చాలాసార్లు అది కూడా చేతికి రాదు. మొత్తం బరువు, పైకప్పు మోయగల బరువు తెలుగులో తలుపు దగ్గరే ఒక స్టిక్కర్ మీద ఉంటే ఎవరికైనా అర్థమవుతుంది. పండగ రోజుల్లో టోల్‌ప్లాజాల దగ్గర ఏర్పాటు చేసే తనిఖీల్లో టైరు గాలి, పైన కట్టిన సామాను కూడా చూసి, జరిమానా కంటే ముందు సరిచేసి పంపితే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. లైసెన్సు పరీక్షలో లోడు గురించి ఒకటి రెండు ప్రశ్నలు చేర్చడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

సామాను ఎక్కువైతే వేరే మార్గాలున్నాయి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలు రెండూ పార్సిల్, కార్గో సేవలు నడుపుతున్నాయి. నాలుగైదు బస్తాల బియ్యాన్ని బస్సులో వేసి, మీరు కారులో తేలిగ్గా రావొచ్చు. రైల్లో వచ్చేవారికి ఉచిత లగేజీ పరిమితి స్లీపర్, థర్డ్ ఏసీల్లో 40 కేజీలు, సెకండ్ ఏసీలో 50, ఫస్ట్ ఏసీలో 70, సెకండ్ క్లాసులో 35 కేజీలు. అంతకు మించితే ముందే బుక్ చేసుకోవాలి.

బయల్దేరే ముందు ఐదు నిమిషాలు

మనుషులు, సామాను కలిపి బరువు లెక్క వేయండి. టైర్లలో నిండు లోడు గాలి పెట్టించండి. బస్తాలు డిక్కీ అడుగున, సీటుకు ఆనించి ఉన్నాయా చూడండి. వెనక అద్దం దగ్గర, డ్యాష్‌బోర్డు మీద, డ్రైవర్ కాళ్ల దగ్గర ఏమీ లేకుండా చేయండి. హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయండి. వెనక కూర్చున్నవారూ బెల్టు పెట్టుకున్నారా అడగండి.

దారిలో మీ కారు నుంచి ఏదైనా జారి పడితే హైవే మధ్యలో ఆపి, దాని వెనక పరుగెత్తకండి. సురక్షితంగా ఎడమ పక్కకు ఆపి, హజార్డ్ లైట్లు వేసి, జాతీయ రహదారి అయితే 1033కు, ఇంకెక్కడైనా 112కు ఫోన్ చేసి ఏ కిలోమీటరు రాయి దగ్గర పడిందో చెప్పండి. వెనక వచ్చే బైకు మీద ఉన్నవారికి మీరు చేయగల పెద్ద సాయం అదే.

ఊళ్లో అమ్మానాన్నలు ఇంకో బస్తా వేస్తామంటే కాదనడం కష్టమే. అయినా "తర్వాతి ట్రిప్పులో తీసుకెళ్తాం" అని చెప్పి ఆ బస్తాను అరుగు మీదే ఉంచి రండి. లేదా మర్నాడు ఆర్టీసీ కార్గోలో వేయించమనండి.